వరుణపాశానికి దొరకని మెడ

పూర్వం, ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బకు రెక్కలు పోగొట్టుకున్న కొండలు ఒకచోట కుదురుగా కూర్చోవడం నేర్చుకుంటున్న కొత్తలో, హిమవంతానికి దక్షిణంగా శతధార అనే నది ప్రవహిస్తూ ఉండేది. ఆ నదికి ఎగువన ఊర్ధ్వకూలమనే రాజ్యమూ, దిగువన నిమ్నకూలమనే రాజ్యమూ ఉండేవి. ఎగువ రాజ్యాన్ని, సకలశాస్త్ర పారంగతుడూ, సత్యవ్రతుడూ, అతిథికి వడ్డించనిదే తాను విస్తరి ముట్టనివాడూ అయిన ధృతవర్మ మహారాజు మణిసేతునగరం రాజధానిగా పాలిస్తూ ఉండేవాడు. ఆ నగరంలో దొంగ లేడు. అబద్ధమాడేవాడు లేడు. అక్కడి పిల్లులు పొరుగింటి పాలు అడిగి తాగేవని చెబుతారు. అడిగితే పోసేవారా లేదా అన్నది మాత్రం చెప్పరు.

అంతటి పుణ్యనగరానికి ఒక ఆచారం ఉంది. ధృతవర్మకు తాతగారైన బృహత్సేన మహారాజు కాలంలో వానలు మొహం చాటేసినప్పుడు, ఆయన బంగారు గంపతో మన్ను మోసి నదికి అడ్డంగా పోసి, వెనువెంటనే ఇంటికొక గంప చొప్పున ప్రజలందరిచేతా పోయించి, శతధారకు కట్ట కట్టించాడు. మరుసటి ఏడు వానలు దండిగా కురిశాయి. కురిసినా కట్ట తీయలేదు. తీయకపోగా, జ్యేష్ఠ పూర్ణిమకు మన్నుపండుగ అని పేరుపెట్టి, ఏటేటా మేళతాళాలతో రాజు మొదటి గంపా, ఆ వెనుక ఇంటింటివాళ్లూ తలా ఒక గంపా పోస్తూ, కట్టను కొండంత చేశారు. కట్ట వెనుక సరస్సు వెలిసింది. సరస్సులో హంసలు వెలిశాయి. హంసలను చూడడానికి రాణివాసపు మేడలు వెలిశాయి. దిగువన ఏమైందో చూడడానికి మాత్రం ఏ మేడకూ ఆ వైపు కిటికీ పెట్టలేదు.

దిగువవాళ్లు ఊరుకున్నారా అంటే ఊరుకోలేదు. నోరెండిన మనుషులు గుంపులు గుంపులుగా వచ్చి, "అయ్యా, మా నది ఏది?" అని అడిగేవాళ్లు. మణిసేతువాసులు మర్యాద ఎరిగినవాళ్లు కనుక కాళ్లు కడిగి, గంధం పూసి, తాంబూలం ఇచ్చి, "నేను పోసింది ఒక్క గంపే కదయ్యా. ఒక్క గంప మన్నుకు నది ఆగుతుందా? నా గంప మీకు అడ్డమనిపిస్తే ఇదిగో, మోసుకుపోండి," అని ఒక గంప నింపి నెత్తికెత్తేవారు. ప్రతి ఇంట్లోనూ ఇదే మాట, ఇదే గంప. ఈ మాటకు శాస్త్రం కూడా రాసిపెట్టినవాడు, నాలుగు వైపులా చూడగలిగినా కిందికి మాత్రం చూడని మహామంత్రి చతురాక్షుడు. ఒక పాపాన్ని పదిమంది పంచుకుంటే పదోవంతే అంటుతుందనీ, దేశమంతా పంచుకుంటే ఎవరికీ ఏమీ అంటదనీ ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద తలపెట్టుకుని నగరం హాయిగా నిద్రపోయేది.

ఇలా ఉండగా, దిగువన నిమ్నకూలంలో, శతధార నడిబొడ్డున, వాతాశనుడనే మహర్షి తపస్సు చేస్తున్నాడు. గాలి తప్ప మరొకటి మింగడు; ఆ గాలిని కూడా వడకట్టి మింగేవాడని శిష్యుల మాట. వరుణదేవుణ్ణి గూర్చి నడుముదాకా నీళ్లలో నిలిచి, రెండు చేతులూ ఆకాశానికి చాచి, కన్నులు మూసుకున్న ఆ తపోధనుడు లోకాన్ని ఎంతగా మరిచాడంటే, చుట్టూ ఉన్న నది వెళ్లిపోయిన సంగతి కూడా ఎరగడు. నీరు పోయింది. గాలికి ఇసుక వచ్చి నడుముదాకా పేరుకుంది. తడి తగలకపోయినా, ఎత్తు సరిపోయింది గదా అని కాబోలు, మహర్షి జపం ఆపలేదు.

ఒకనాడు ఆయన కుడిచేతి మీద ఏదో బరువు పడింది. వరుణదేవుడే వరం పట్టుకొచ్చి చేతిలో పెట్టాడేమోనని కన్ను తెరిచి చూస్తే, అది ఒక చిరుగుల రవిక. ఎదురుగా ఒక స్త్రీ, బక్కపలచని మనిషి, ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని కొబ్బరిచిప్పతో చెలమ తోడుతున్నది. ఆమె పేరు కేదారిక. ఒకప్పుడు మాగాణి దున్నిన ఇంటి ఆడపడుచు.

"నీళ్లేవి తల్లీ?" అన్నాడు మహర్షి.

కేదారిక ఉలికిపడి, అంతలోనే తేరుకుంది. "మాట్లాడతావా తాతా నువ్వు? రాతిబొమ్మవనుకుని మా ఊరంతా నీ మీద గుడ్డలారేసుకుంటున్నాం."

"నేను నీళ్లలో దిగి తపస్సు మొదలుపెట్టాను."

"దిగి ఉంటావు. ఆ నీళ్లు మా అమ్మ చిన్నప్పుడే ఎగువన నిలిచిపోయాయి. ఇప్పుడు నీ నడుము చుట్టూ ఉన్నది ఇసుక. మా నడుము చుట్టూ అది కూడా లేదు."

జరిగినదంతా ఆమె చెబుతుంటే మహర్షి కన్నులు ఎర్రబడ్డాయి. గడ్డం వెంట్రుకలు ఒక్కొక్కటే నిక్కబొడుచుకున్నాయి. శపించి తీరవలసిందేనని కమండలం వంచాడు. చుక్క పడలేదు. బోర్లించి తట్టాడు. ఒక తేలు రాలింది. చేతిలోకి నీళ్లు తీసుకోనిదే శాపం పలకదు. ఋషులకు అదొక ఇబ్బంది.

"శాపం తర్వాత పెడుదువుగానీ, ముందు గొంతు తడుపుకో తాతా," అని కేదారిక చెలమలో ఊరిన చిప్పెడు నీళ్లు తోడింది. ఆ ఊరికి మిగిలిన చెలమ అదొక్కటే. అడుగున ఊట సన్నగిల్లి, నాలుగు రోజులుగా బురదే వస్తున్నది. తోడిన నీళ్లలోంచి ఒక దోసిలి తీసి, ఆమె ముందుగా నది నడిబొడ్డున ఇసుక మీద వదిలింది. ఆ తర్వాతే మిగిలింది మహర్షి నోటికి అందించింది.

వాతాశనుడు తాగడం మరిచి అడిగాడు. "ఉన్నదే గుక్కెడు. అందులో మొదటి దోసిలి ఇసుకపాలు చేశావేమి?"

"ఇసుకపాలు కాదు తాతా, నదిపాలు. నదికి వదలనిదే తాగకూడదని మా వాళ్ల కట్టడి. నాకంటే దిగువన కూడా ఎవరో ఒకరు ఉంటారు గదా."

ఆ మాట ఆమె నోట రాగానే, పాతాళానికి అడుగున ముత్యాల మండపంలో, సమస్త జలాధిపతి, సత్యానికి కావలి, పశ్చిమ దిక్పాలకుడు అయిన వరుణదేవుడు కొలువుతీరి ఉండగా, ఆయన పాదం మీద తడి తగిలింది. ఎంతో కాలంగా శతధార పేరున ఆయనకు అందిన అర్ఘ్యాలన్నీ, ఆశ్చర్యం, ఆ ఎండిన నేల నుంచి వచ్చినవే. నిండుసరస్సు గట్టు నుంచి ఒక్క చుక్క లేదు. ఈ చుక్క మరీ వేడిగా ఉంది. ఆడమనిషి అరచేతి వేడి. ఆయన తక్షణం తన మకర వాహనాన్ని ఎక్కి బయలుదేరాడు. నదిలో ఈదవలసిన మొసలి ఇసుకలో పొట్ట ఈడ్చుకుంటూ, ప్రతి బారకూ మూలుగుతూ రావలసి వచ్చింది. దేవతావాహనానికి అంతటి అవమానం అంతకుముందు జరగలేదు.

"అమ్మా, నీ ఫిర్యాదు చెప్పు," అన్నాడు పాశహస్తుడు.

కేదారిక తన గుడిసెలోకి పోయి గంప మన్ను తెచ్చి ఆయన ముందు దించింది. "ఇదీ స్వామీ. నీళ్లడగడానికి పోయినప్పుడల్లా గంధం పూసి ఇది ఇస్తారు. మా ఊళ్లో ఇంటింటా ఒకటుంది. మా అమ్మ పోయినప్పుడు గొంతులో పోయడానికి నీళ్లు లేక ఈ మన్నే పక్కన పెట్టి పూడ్చాం. ఇప్పుడు నా బిడ్డ నాలుక పిడచకట్టుకుపోయింది. ఆ చెలమ రేపో మాపో పోతుంది. ఎవరిని అడిగినా నేను కాదంటారు. నువ్వు చెప్పు స్వామీ, మా నదిని ఎవరు చంపారు?"

వరుణుడు భుజం మీది పాశాన్ని తీసి వదిలాడు. అది అసత్యాన్ని వాసన పట్టి, పాపి మెడను వెతుక్కుంటూ పోయి, తనంత తానే బిగుసుకునే దివ్యమైన తాడు. ముల్లోకాల్లో దానికి దొరకని దోషి లేడు.

పాశం మణిసేతునగరంలో వీధివీధీ తిరిగింది. రాజు మెడ చుట్టూ పడి, బిగుద్దామని చూస్తే, అక్కడ ఒక గంప మన్ను బరువే ఉంది, సడలి జారిపోయింది. రాణి వసుధార మెడ చూసింది. పూజారి మెడ చూసింది. ఒక ముసలి కుమ్మరి మెడ మీద పడితే, ఆయన అది పూలదండ అనుకుని దణ్ణం పెట్టి తీసి దేవుడి పటానికి వేశాడు. చతురాక్షుడి మెడ దగ్గర మాత్రం కొంచెంసేపు తచ్చాడింది. ఆయన, "నా సిద్ధాంతానికి దేశమంతా ఆమోదం ఉంది. వాటా వేసుకో," అన్నాడు. పాశం సిగ్గుపడి తోక ముడుచుకుని తిరిగివచ్చి, వరుణుడి కాళ్లకు చుట్టుకుని, "స్వామీ, అక్కడ చచ్చినది నది. చంపినవాడు లేడు," అని విన్నవించింది.

దేవసభ కొలువుతీరింది. సమవర్తి అయిన యమధర్మరాజు లేచి, "ఆ నగరవాసులు ఒక్కొక్కరుగా నా దగ్గరకు వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరుగా చూస్తే అందరూ పుణ్యాత్ములే. గంప మన్నుకు ఏ నరకం వేయను? ఒంటికి అంటిన మట్టి కడిగి స్వర్గానికి పంపిస్తున్నాను," అన్నాడు. దేవగురువు బృహస్పతి మాత్రం, ఇది మానవుల తర్కానికి చెందిన విషయమనీ, బాగా ఆలోచించవలసి ఉందనీ అన్నాడు. గొంతెండినవాళ్లు అంతదాకా ఆగుతారా అన్నది ఆయన ఆలోచించలేదు.

అప్పుడు వరుణదేవుడు మేఘం ఉరిమినట్లుగా పలికాడు.

"ధర్మరాజా, నీ తప్పు లేదు. మనిషికి మరో లోకం ఉంది. ఇక్కడ తప్పించుకున్నది అక్కడ అనుభవిస్తాడు. దేశానికి మరో లోకం లేదు. ఏ దేశమూ చచ్చి నీ ముంగిటికి రాలేదు, రాబోదు. దానికి స్వర్గం లేదు, నరకం లేదు, పునర్జన్మ లేదు. కనుక దేశాన్ని విచారించే సభ భూమి మీదనే జరగాలి; దాని తీర్పు దాని కళ్లెదుటనే పడాలి. పదిమంది ఒక్కటై కట్టినప్పుడు ఒక్క దేహమైన దేశం, లెక్క చెప్పవలసి వచ్చినప్పుడు పదిమందిగా విడిపోతానంటే నేను ఒప్పను. పాశమా, మెడ కోసం వెతకకు. నగరానికే చుట్టుకో."

"మరి సడలేది ఎప్పుడు స్వామీ?" అంది పాశం.

"ఈ పని నాది అని, వాటా వేయకుండా, ఒక్కరైనా పూర్తిగా ఒప్పుకున్ననాడు. మన్నుపండుగనాటికి ఒప్పుకోకపోతే ముడి బిగించు."

ఆ తీర్పు చెప్పిరావడానికి వాతాశనుణ్ణే నియమించారు. ఇసుకలోంచి బయటపడలేక ఆయన అవస్థపడుతుంటే కేదారిక అదే కొబ్బరిచిప్పతో చుట్టూ తవ్వి, చంకల కింద చేతులు వేసి, ముల్లంగిని పెరికినట్లు పెరికింది. బిడ్డను పొరుగామెకు అప్పగించి, గంప మన్ను నెత్తిన పెట్టుకుని, తానూ వెంట నడిచింది.

వాళ్లు మణిసేతునగరం చేరేసరికి సరస్సు అప్పుడే ఒడ్డు దాటి, వాన చినుకు లేకుండానే, పాశం లాగి చుట్టినట్లు రెండు పాయలై నగరాన్ని కౌగిలించుకోవడం మొదలుపెట్టింది. మహర్షి నిండుకొలువులో తీర్పు వినిపించాడు. రాజు సింహాసనం దిగి నమస్కరించాడు. మంత్రి దిగలేదు, నవ్వాడు.

"నీరు పెరిగితే చేయవలసింది మనకు తెలిసిందే ప్రభూ. ఇంటికి మరొక గంప పోయిద్దాం."

పోయించారు. కట్ట ఎంత ఎత్తు పెరిగితే నీరు అంత ఎత్తు పెరిగింది. వీధులు కాలువలయ్యాయి. హంసలు వంటిళ్లలోకి వచ్చి పప్పు గిన్నెల్లో ఈదసాగాయి. ఒక గృహస్థు మంచం మీద పడుకుని నిద్రలోనే పక్కవీధికి తేలిపోయి, తెల్లారి లేచి అత్తవారింట్లో ఉండడం చూసి, దీనికంటే మునిగిపోవడమే నయమన్నాడట.

"సరే, పశ్చాత్తాపమే కావాలంటున్నారు గదా," అని చతురాక్షుడు మరో ఉపాయం పన్నాడు. "దేశమంతా కలిసి మహోపవాసం చేద్దాం. ఒక్కొక్కరి మీద బరువు పడకుండా ఇంటికొక ముద్ద మానుకుంటే చాలు. మొత్తం కలిపితే ఘోరమైన తపస్సవుతుంది."

నగరం భక్తిశ్రద్ధలతో తలా ఒక ముద్ద మానుకుంది. రాణిగారు ఒక పచ్చడి మానుకున్నారు. అది చూసి వాతాశనుడు రాజసభలో పొట్ట పట్టుకుని నవ్వాడు. గాలి తప్ప ఏమీ లేని పొట్ట కావడంతో ఆ నవ్వు శంఖం ఊదినట్లు నగరమంతా వినిపించింది.

మన్నుపండుగ రేపనగా నీరు రాజభవనం మెట్లెక్కింది. ధృతవర్మ మనసు కుదురు తప్పింది. మంత్రిని వెంటబెట్టుకోకుండా, కట్ట మీద గంప పక్కన పెట్టుకుని కూర్చున్న కేదారిక దగ్గరకు తానే నడిచివెళ్లాడు.

"అమ్మా," అన్నాడు, "నేను ధర్మం తప్పినవాణ్ణి కాను. ఈ కట్ట నేను కట్టించలేదు. మా తాతగారు కట్టించారు. పుట్టకముందు జరిగినదానికి నన్ను బాధ్యుణ్ణి చేయడం న్యాయమా?"

కేదారిక లేవలేదు. "మీ తాత కట్టాడు రాజా, నిజమే. మా అమ్మకు దాహం వేసింది, అదీ నిజమే. మీ తాతతోపాటే ఆ కట్ట పోయి ఉంటే, మా అమ్మతోపాటే ఆ దాహమూ పోయి ఉండాలి గదా. మరి నా నాలుక ఎందుకు ఎండింది? నా బిడ్డది ఎందుకు ఎండింది? మా అమ్మ దాహం నాకు వచ్చినప్పుడు, మీ తాత చేసింది నీకు రాకుండా ఎట్లా పోతుంది? నీళ్లు మాత్రం నీకే వచ్చాయిగా. అవి తాతవి, నావి కావు అని వదిలిపెట్టలేదుగా నువ్వు."

రాజు నోరు తెరిచాడు. సకలశాస్త్రాలూ ఆ నోటి దాకా వచ్చి, ఒకదాని ముఖం ఒకటి చూసుకుని, వెనక్కి పోయాయి.

ఆయన చూపు ఆమె పక్కనున్న గంప మీద పడింది. "మీ వాళ్లు వచ్చినప్పుడు, నేను ఒకసారి స్వయంగా గంప ఇచ్చాను. పట్టాభిషేకం నాడు. అది ఎవరికి ఇచ్చానో గుర్తులేదు."

"నాకే," అంది కేదారిక. "ఇదే ఆ గంప. గంధం బాగా పూయించావులే."

ధృతవర్మ ఆ గంపను రెండు చేతులా ఎత్తుకుని నెత్తిన పెట్టుకున్నాడు. కిరీటం అడ్డమొస్తే తీసి కట్ట మీద పెట్టాడు. కట్ట దిగి దాని పాదం దగ్గర, బృహత్సేన మహారాజు బంగారు గంప పడిన చోట నిలిచి, పండుగకు ముందుగానే పోగైన ప్రజలందరూ వినేలా, ఎలుగెత్తి పలికాడు.

"వరుణదేవా, సత్యపాలకా, వినుము. శతధారను చంపినవాణ్ణి నేను. నా తాత కాదు, నా మంత్రి కాదు. వాటా లేదు. మొత్తం నాది. దిగువన దాహంతో పోయిన ప్రతి ప్రాణమూ నా చేతిలో పోయింది."

నగరం చుట్టూ బిగుస్తున్న పాశం ఒక్కసారిగా తల ఎత్తింది. ఇన్నాళ్లకు ఒక మెడ దొరికింది. నగరాన్ని వదిలి, మెరుపులా వచ్చి రాజు కంఠాన చుట్టుకుని బిగుసుకుంది.

"ప్రభూ," అని కేకపెట్టాడు చతురాక్షుడు, "తొందరపడ్డారు. శాస్త్రప్రకారం తమ భాగం ఒక్క గంపే."

"నాకు ఊపిరి ఉన్నంతలో తవ్వనివ్వు," అని రాజు పాశాన్ని అడిగి, పలుగు అందుకుని కట్ట పాదాన్ని తవ్వసాగాడు. అక్కడ తవ్వితే కట్ట విరిగి మీద పడుతుందని, తవ్వినవాడు మొదట పోతాడని అందరికీ తెలుసు. మొహం నల్లబడుతున్నా ఆయన ఆగలేదు.

అప్పుడు రాణి వసుధార చీరచెంగు బిగించి దిగివచ్చింది. "ఆ మేడలు నా కోసం కట్టినవి. దిగువ వైపు కిటికీ వద్దన్నది నేనే, ఎండ వస్తుందని. నదిని చంపింది నేను. మొత్తం నేనే." పాశం రాజును వదిలి రాణి మెడకు దూకింది. రాజు ఊపిరి పీల్చుకునేలోగా ముసలి కుమ్మరి వచ్చాడు. "ఇన్ని కుండలు చేశాను తల్లీ, ఒక్కటి దిగువకు నీళ్లతో పంపలేదు. నాదే." పాశం అటు దూకింది. పూజారి నాదన్నాడు. అత్తవారింటికి తేలిపోయిన గృహస్థు నాదన్నాడు. ఆయన అత్తగారు, అల్లుడి మాట నమ్మవద్దనీ, నాదనీ చెప్పింది. తల్లులు, కోడళ్లు, ముదుసళ్లు, గంపలు పోసిన చేతులతోనే మన్ను తవ్విపోస్తూ, వాటా లేదు, నాదంటే నాదని ముందుకు తోసుకుంటూ ఉంటే, పాశం మగ్గం మీది నాడెలాగా ఈ మెడ నుంచి ఆ మెడకు ఎగిరి ఎగిరి, రొప్పి, చివరికి ఎవరినీ బిగించలేక నేలమీద చతికిలబడింది.

"స్వామీ," అంది గాలిలోకి చూస్తూ, "మొన్న ఒక్క మెడా దొరకలేదు. ఇవాళ ఇన్ని మెడలు. నేనా, ఒక్క తాడును."

అందరికంటే చివర, ఎవరూ పిలవకుండానే, చతురాక్షుడు వచ్చాడు. నాలుగు వైపులా చూశాడు. ఆ తర్వాత కిందికి చూశాడు. "సిద్ధాంతం నాది," అన్నాడు తల వంచుకుని. ఆయన చేతికి కేదారిక పలుగు అందించింది.

కట్ట తెగింది. కొండంత నీరు హోరుమని లేచి, పాదం దగ్గరున్న రాజు మీదికి వచ్చింది. వచ్చి, ఆయన తల మీద విరగబోతూ నిలిచిపోయింది. ఆ నీటిగోడ నడుమ వరుణదేవుడు ప్రత్యక్షమై, బెదిరిన ఆవును పట్టుకున్నట్లు నదిని కొమ్ముపట్టి ఆపి, మెల్లగా ప్రజల పక్కనుంచి దిగువకు నడిపించాడు. ఆయన మొసలి, ఇన్నాళ్లకు ఈదే భాగ్యం కలిగి, సంతోషంతో మూడు పల్టీలు కొట్టింది.

"ధృతవర్మా," అన్నాడు జలాధిపతి, "పంచుకున్నప్పుడు మీ పాపం మీ అందరి మెడలూ చాలనంత పెద్దదయింది. ఎవరికి వారు మొత్తంగా మోస్తామన్నప్పుడు, నా పాశం బిగించవలసిన అవసరం తీరింది. అయినా తీర్పు తీర్పే. నేను క్షమించాను గదా అని పోయినవాళ్లు తిరిగిరారు. ఈ కట్ట మన్నునంతా మీరే గంపలకెత్తి, దిగువకు మోసి, వారి బీటలువారిన చేలల్లో పోయాలి. కట్ట అరిగేదాకా ఏటా మన్నుపండుగ అదే. నీ మనవడి కాలానికి కూడా మన్ను మిగిలితే, అతడూ మోయాలి. ఎందుకని అడిగితే ఈమె దగ్గరకు పంపు."

అలాగేనని రాజు శిరసు వంచాడు. ఆ దేవుడు కేదారిక వైపు తిరిగాడు.

"తల్లీ, ఎండిన నది నుంచి నాకు అర్ఘ్యం ఇచ్చినదానివి. వరం కోరుకో. ఈ నగరాన్ని నీ కింద ఉంచమంటావా? ఈ మేడలు కావాలా?"

"మేడలు నాకెందుకు స్వామీ, ఊడవలేక చావాలి," అంది కేదారిక. "వీళ్లు మంచివాళ్లే. కాకపోతే మతిమరుపు మనుషులు. రేపు మళ్లీ మరిచిపోతారు. అందుకని ఒకటి అడుగుతాను. ఈ నదిలో ఎవరు నీళ్లు తాగినా, రాజైనా నేనైనా, మొదటి దోసిలి దిగువవాళ్ల కోసమని నదికే వదలాలి. వదలడం మరిచినవాడి దోసిట్లో నీళ్లు నిలవకూడదు."

"తథాస్తు," అన్నాడు వరుణుడు. నవ్వుతూ ఆయన వరమివ్వడం దేవతలు అంతకుముందు చూడలేదు.

వరం అప్పటికప్పుడే పనిచేసింది. తవ్వి తవ్వి దప్పికగొన్న మణిసేతువాసులు నదిలోకి వంగి దోసిళ్లు నింపుకుంటే, నోటి దాకా తెచ్చేలోగా నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. పెద్దపెద్ద పండితులు చేతులు జోడించి గట్టిగా నొక్కిపట్టారు. మోచేతుల దాకా తడిసింది, నాలుక మాత్రం తడవలేదు. నదిలో నిలబడి దాహంతో అల్లాడడం ఎలా ఉంటుందో ఆ కాసేపట్లో అందరికీ తెలిసివచ్చింది. ధృతవర్మ దోసిలి నింపి, ఆలోచించి, దాన్ని మెల్లగా నదికి వదిలాడు. వదిలిన నీళ్లు ఎటు పోతున్నాయో తల తిప్పి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన దిగువ వైపు చూడడం అదే మొదలు. రెండో దోసిలి నిలిచింది.

మర్నాటికి శతధార నిమ్నకూలం చేరింది. కేదారిక బిడ్డ చెలమ గట్టున కూర్చుని ఉండగా నీరు పాదాలను తాకింది. ఆ పిల్ల నదిని ఎన్నడూ చూసినది కాదు. ఎవరో చుట్టాలు వచ్చారనుకుని పక్కకు జరిగి చోటిచ్చిందట. తల్లి నేర్పినట్టే మొదటి దోసిలి దిగువకు వదిలి, రెండోది తాగింది.

వాతాశన మహర్షి మళ్లీ నడుముదాకా నీళ్లలో దిగి చేతులు చాచి తపస్సుకు నిలిచాడు. ఈసారి మాత్రం ఒక కన్ను తెరిచే ఉంచాడు. ఊరివాళ్లు అలవాటు మానలేక ఇప్పటికీ ఆయన కుడిచేతి మీద గుడ్డలారేస్తూనే ఉన్నారు. ఆయన చెయ్యి దించడు.

ఈ కథను శ్రద్ధగా చదివినవారికి సిరులు కలుగుతాయో లేదో వరుణదేవుడే చెప్పాలి. దాహం వేసి దోసిలి పట్టినప్పుడు మాత్రం, దిగువన ఎవరున్నారని వారి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆగిన ఆ చేతిలో నీళ్లు నిలుస్తాయి. అది తప్పదు.